కనని తల్లి జంగుబాయి

(ఇచ్చోడలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

స్మారక సమితి వాళ్ళు నాకిచ్చిన విషయం 'మన కొండల్లో అమ్మవారి గుడులు, గాథలు'. అంత పెద్ద మూట విప్పితే తెల్లవారుతుంది. అందుకని ఒక్క దేవత దగ్గరే కూర్చుంటాను. కెరమెరి మండలంలో మహరాజ్‌గూడ దగ్గరి కొండగుహలో కొలువైన జంగుబాయి ఆమె. కొంత దూరం వెళ్ళాక పెన్‌గంగ వంపులోని మాహుర్ రేణుకను కూడా సభకు పిలుస్తాను. ఎందుకు పిలిచానో అప్పుడు చెబుతాను.

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆయన ఈ ఊరి బడిలో సాంఘికశాస్త్రం చెప్పారు. మాకు ఆయన పేరు కంటే 'సార్' అన్న పిలుపే అలవాటు. పుస్తకంలో మొగలుల పాఠం వచ్చే వేళకు పుష్యమాసం వచ్చేది. జాతరలకు వెళ్ళిన గూడేల పిల్లల బెంచీలు ఖాళీగా ఉండేవి. వాళ్ళు తిరిగొచ్చాక సార్ కోప్పడేవారు కాదు. ఒక్కొక్కరిని నిలబెట్టి ఎక్కడికి వెళ్ళారో, ఏం చూశారో, పెద్దలు ఏం చెప్పారో క్లాసుకు చెప్పించేవారు. రోడ్డు మీది ఊళ్ళ పిల్లలం, దుకాణాల పిల్లలం, జంగుబాయి పేరు మొదట విన్నది అక్కడే. మా పరీక్షల్లో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్ళకు ఈ మైకు ముందు జవాబు చెబుతున్నాను.

పుష్యం దగ్గరే మొదలుపెడదాం. కింది ఊళ్ళ పంచాంగంలో పుష్యం శూన్యమాసం. పెళ్ళి చేయరు, గృహప్రవేశం చేయరు, కొత్త పని ముట్టుకోరు. అదే నెల మన కొండల్లో దేవతల నెల. నెలవంక కనబడగానే గూడేల్లో నియమాలు మొదలవుతాయి, చెప్పులు విడుస్తారు. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు కాలినడకన గోదావరి ఒడ్డున హస్తినమడుగుకు పోయి నీళ్ళు తెస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కుతారు. కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేసి అమావాస్య రాత్రి నాగోబాకు ఆ నీళ్ళతో అభిషేకం చేస్తారు. నార్నూర్‌లో తొడసం వంశం ఆడపడుచు ఖాందేవ్ ముందు నువ్వులనూనె తాగి మొక్కు తీరుస్తుంది. జంగుబాయి జాతర మాత్రం ఒక రోజుతోనో రెండు రోజులతోనో ముగియదు. నెల పొడుగునా సాగుతుంది. పత్తి చాలావరకు ఇంటికి చేరి, జొన్న కోతకు వచ్చి, రాత్రిళ్ళు ఎముకలు కొరికే చలి ఉన్న కాలమది. కొండవాడికి కాస్త తీరిక, కాస్త గింజ రెండూ దొరికే కాలం కూడా అదే. కిందివాడి శూన్యం మీదివాడికి నిండు. ఒకే జిల్లాలో, ఒకే ఆకాశం కింద రెండు కాలాలు నడుస్తున్నాయని మనం గుర్తుపెట్టుకుంటే జంగుబాయిని అర్థం చేసుకోవడం సులువు.

తొవ్వ మీలో చాలామందికి తెలుసు. గుడిహత్నూర్ దగ్గర జాతీయ రహదారి వదిలి ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూర్ దాటి కెరమెరి ఘాట్ దిగాలి. అక్కడి నుంచి మళ్ళీ కొండల్లోకి, మహారాష్ట్ర అంచుదాకా పోవాలి. ఇవన్నీ సత్మల కొండలు. సహ్యాద్రి నుంచి తూర్పుగా చీలి వచ్చిన ఈ శ్రేణి మన జిల్లాను వాయవ్యం నుంచి ఆగ్నేయానికి అడ్డంగా కోసుకుంటూ పోతుంది. కుమ్రం భీం నిజాం సేనలతో పోరాడి 1940లో నేలకొరిగిన జోడేఘాట్ కూడా కెరమెరి మండలంలోదే. టేకు, ఇప్ప, వెదురు మధ్య ఒక కొండ ఒడిలో గుహ ఉంది. గాలిగోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నిటారుగా నిలబడి లోపలికి పోయే వీలు లేదు. ఎంత పెద్దమనిషైనా నడుము వంచాల్సిందే. చీకట్లో దీపం వెలుగుతుంటుంది. ఆ దీపమే అక్కడ ముఖ్యం. కొలుపు చేసేవాడు కటోడా. తుమ్రం, కొడప, రాయిసిడాం, సలాం, మరప, వెట్టి, మండాడి, హెర్రెకుమ్ర అనే ఎనిమిది ఇంటిపేర్ల వాళ్ళు ఈ తల్లికి హక్కుదారులు. గుహకు వెళ్ళేముందు టొప్లకాసలో స్నానాలు చేస్తారు. తెలంగాణ నుంచే కాదు, మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా బండ్లు కట్టుకుని, ఇప్పుడైతే జీపులూ ట్రాక్టర్లూ ఎక్కి వస్తారు.

ఆమె కథ గోండుల కథకుడు పర్ధాన్ నోట, అతని వాద్యం కీక్రీ తీగ మీద వినాలి. నేను ఎముకల గూడు మాత్రం చూపించగలను.

గోండు దేవతలు పుట్టినప్పుడు కన్నతల్లి కాళీ కంకాళి వాళ్ళను వదిలేసి పోయింది. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పార్వతి చేరదీసింది. ఆ పిల్లల అల్లరి, తిండి, తీరు శంభు మహాదేవుడికి నచ్చలేదు. వాళ్ళను ఒక గుహలోకి తోలి, వాకిలికి బండ అడ్డం పెట్టాడు. పిల్లలు చీకట్లో మిగిలిపోయారు. ఎంతకాలమో తర్వాత గోండుల ఆదిగురువు పహండి కుపార్ లింగాల్ వాళ్ళను వెతుక్కుంటూ బయలుదేరాడు. ఆయనకు తోవ చూపి, సాయం చేసి, పిల్లలు బయటపడేలా చేసిన తల్లి జంగుబాయి. బయటికి వచ్చినవాళ్ళు నాలుగు జట్లుగా వచ్చారు. ఏడుగురు అన్నదమ్ములు ఒక జట్టు, ఆరుగురు ఒకటి, అయిదుగురు ఒకటి, నలుగురు ఒకటి. ఏర్వేన్, సార్వేన్, సీవేన్, నాల్వేన్ అనే నాలుగు సగలు అలా ఏర్పడ్డాయి. ఒకే సగవాళ్ళు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కుదరదు. పిల్లనిచ్చి తెచ్చుకోవడం మరో సగతోనే. ఈరోజు ఉట్నూరులో ఒక గోండు తండ్రి బిడ్డకు సంబంధం చూస్తూ 'మీరు ఎన్ని దేవతలవాళ్ళు?' అని అడిగితే, ఆ ప్రశ్న గుహ వాకిలి దగ్గర పుట్టిన ప్రశ్న.

ఈ కథకు ఒక్క రూపమే లేదు. మహారాష్ట్రలోని గోందియా జిల్లా, సాలేకసా తాలూకాలో కచార్‌గఢ్ అనే పెద్ద గుహ ఉంది. అక్కడ మాఘ పౌర్ణమికి జరిగే జాతరకు దేశం నలుమూలల గోండులు వస్తారు. అక్కడి కథలో జంగుబాయి జంగో రాయ్‌తాడ్. గుహలో మూతపడిన పిల్లలు 33 మంది. బండను కదిలించినవాడు హీరాసుకా పాటాలీర్ అనే సంగీతకారుడు. ఆయన కింగ్రీ వాయిస్తే లోపలి పిల్లలకు బలం వచ్చి బండ దొర్లింది. దొర్లిన బండ కిందపడి ఆయన ప్రాణం విడిచాడు. పిల్లలను విడిపించిన పుణ్యం దేవుళ్ళకే వదిలేయకుండా ఒక వాద్యకారుడికి కూడా పంచిన కథ ఇది. ఇది ఎవరు పాడిన కథో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. పర్ధాన్ తన వాటా తాను నిలుపుకున్నాడు, బాగానే నిలుపుకున్నాడు.

దీన్ని మొదట కాగితం మీద పెట్టినవాళ్ళలో స్టీఫెన్ హిస్లాప్ ఒకడు. స్కాట్లండ్ నుంచి నాగపూర్ వచ్చిన మిషనరీ. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. ఆయన వదిలి వెళ్ళిన కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. లింగాల్ మీది లింగో పాట అందులో ఉంది. అయిదేళ్ళ తర్వాత ఫోర్‌సైత్ అనే దొర ఆ పాటను ఇంగ్లీషు పద్యంగా మార్చి, అమెరికా కవి లాంగ్‌ఫెలో 'హయవాథా' నడకలో పెట్టాడు. ఒకరి కథను మరొకరి తాళంలో పాడించే అలవాటు అప్పటినుంచే ఉందన్నమాట.

హిస్లాప్ సేకరించిన రూపంలో నన్ను పట్టి నిలిపిన చోటు ఒకటుంది. ధవళగిరి మీద గోండు పిల్లల వాసన మహాదేవుడికి పడలేదు. అందుకే వాళ్ళను గుహలో మూసేశాడు. పార్వతి లేచి చూసి, ఆ వాసన ఏమైందని వెతుక్కుంది. ఆ సందడి, ఆ వాసన లేక కొండ బోసిపోయిందని బెంగపడి, వాళ్ళు తిరిగి రావాలని తపస్సుకు కూర్చుంది. దేవుడికి కంపు అనిపించినదాని కోసం దేవత తపస్సు చేసింది. వేళ్ళకు వాసన అంటుతుందని గూడెంవాడి చేతి నుంచి నేరుగా డబ్బు తీసుకోకుండా కింద పెట్టమనే దుకాణాలు నా చిన్నప్పుడు ఇదే బజారులో ఉండేవి. ఆ కథ నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ బజారు మాత్రం ముందే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తెలుగువాళ్ళకు అమ్మవారు అనగానే ముందు గుర్తొచ్చేది యుద్ధం. ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గ కింద మహిషుడున్నాడు. శ్రీశైల భ్రమరాంబ తుమ్మెదలతో అరుణాసురుణ్ణి చంపించింది. ప్రతి దసరాకు మనం చెప్పుకునేది రాక్షసుణ్ణి చంపిన కథే. జంగుబాయి కథలో చంపడం లేదు. ఆమె చేతిలో త్రిశూలం లేకపోయినా కథ నడుస్తుంది. శత్రువు ఉన్నాడనుకుంటే అది గుహకు అడ్డం పెట్టిన బండ ఒక్కటే. ఆమె గొప్పతనమంతా తాను కనని పిల్లలను తనవాళ్ళు అనుకోవడంలో ఉంది.

ఈ కథలో పిల్లలకు ముగ్గురు తల్లులు. కన్నది ఒకరు, పాలిచ్చింది ఒకరు, వెలుగులోకి తెచ్చింది ఇంకొకరు. ముగ్గురిలో అసలు తల్లి ఎవరన్న తగాదా కథలో లేదు. వదిలేసి పోయిన కంకాళికి కూడా శాపం తగల్లేదు. కచార్‌గఢ్‌లో ఆమెకూ మొక్కుతారు. ఇలాంటి కథ మనకు లేదా అంటే ఉంది. దేవకి కన్నది, యశోద పెంచింది. భాగవతంలో పోతన యశోద చుట్టూ పోసిన ముద్దు ఇంతా అంతా కాదు. కానీ మన ఊళ్ళలో యశోదకు గుడి కట్టి ఏటా జాతర చేసిన చోటు నేనైతే చూడలేదు. మనం పెంచిన తల్లిని పద్యంలో పెట్టి మురిసిపోయాం. గోండులు పెంచిన తల్లిని కొండలో పెట్టి కొలిచారు. ఈ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం.

మేడారం కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. సమ్మక్క కోయల ఇంట పుట్టలేదు. వేటకు పోయిన కోయ పెద్దలకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ కనబడిన పాప. తెచ్చి పెంచుకున్నారు. ఆమె వాళ్ళ కోసం కాకతీయ సేనలతో పోరాడి చిలకలగుట్ట వైపు వెళ్ళి కనబడకుండా పోయింది. మిగిలింది కుంకుమ భరిణె. జంగుబాయి పెంచిన తల్లి, సమ్మక్క పెంచుకున్న బిడ్డ. గోదావరికి ఇటు గోండులూ అటు కోయలూ తమ పెద్ద దేవతను రక్తసంబంధానికి బయట వెతుక్కున్నారు. వంశమూ కులమూ తప్ప మాట్లాడని మన పెళ్ళి పెద్దలు ఒకసారి ఆలోచించాల్సిన సంగతి ఇది.

రేణుకను పిలుస్తానన్నాను. మాహుర్ నాందేడ్ జిల్లాలో ఉంది. పెన్‌గంగ వంపులో, కోట పక్కన, మూడు శిఖరాలు. ఒకదాని మీద రేణుక, ఒకదాని మీద దత్తాత్రేయుడు, ఇంకొకదాని మీద అనసూయ. మహారాష్ట్రవాళ్ళ మూడున్నర పీఠాల్లో కొల్హాపూర్ మహాలక్ష్మి, తుల్జాపూర్ భవాని, మాహుర్ రేణుక నిండు పీఠాలు. వణి సప్తశృంగి అర పీఠం. మన అష్టాదశ పీఠాల లెక్కలో ఏకవీర కూడా మాహుర్‌లోనే ఉంది. ఆదిలాబాద్, బోథ్, ఇచ్చోడ వైపు నుంచి ఎన్ని ఇళ్ళవాళ్ళు అక్కడికి పోయి తలనీలాలు ఇచ్చి, నూరిన తాంబూలం ప్రసాదంగా తెచ్చుకుంటారో ఈ సభలోనే చేతులెత్తితే తెలుస్తుంది.

రేణుక కథ మీకు తెలిసిందే. జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు తల్లి తల నరికాడు. వరం కోరి మళ్ళీ బతికించుకున్నాడు. పురాణం చాలాచోట్ల అక్కడితో తృప్తి పడుతుంది. మాహుర్ కథ అక్కడితో ఆగదు. కార్తవీర్యుడి వాళ్ళు జమదగ్నిని చంపాక, పరశురాముడు తండ్రి శవాన్ని కావడిలో ఒకవైపు, తల్లిని ఇంకోవైపు పెట్టుకుని, ఇంతవరకు ఎవరినీ దహనం చేయని నేల కోసం తిరిగాడు. మాహుర్ కొండ మీద ఆ నేల దొరికింది. దత్తాత్రేయుడు పురోహితుడుగా నిలిచి కర్మ చేయించాడు. రేణుక చితి ఎక్కింది. పరశురాముడు తల్లి కోసం ఏడ్చాడు. ఈ కొండలోంచే పైకి వస్తుంది, వచ్చేదాకా వెనక్కి చూడవద్దని ఆకాశవాణి చెప్పింది. ఆగలేకపోయాడు, తిరిగి చూశాడు. అప్పటికి ముఖమే పైకి వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. అందుకే మాహుర్ గర్భగుడిలో పెద్ద ముఖం ఒక్కటే ఉంటుంది. సిందూరం పూసిన ఆ ముఖమే కొడుకు తొందరపాటుకు సాక్షి.

తెలంగాణ పల్లెల్లో ఈమే ఎల్లమ్మ. బైండ్లవాళ్ళు జమిడిక వాయిస్తూ చెప్పే కథలో ఇంకో తల కూడా తెగుతుంది. రేణుకను కొడుకు గొడ్డలి నుంచి దాచబోయిన మాతంగి తల అది. బతికించేటప్పుడు తలలు మారిపోతాయి. ఒకరి మొండానికి ఇంకొకరి తల. ఋషి భార్యకూ దళిత స్త్రీకీ మధ్య కులం గీత అక్కడే చెరిగిపోతుంది. సంస్కృత పురాణం చెప్పడానికి సాహసించని మాట బైండ్లవాడు జమిడిక మీద చెప్పేశాడు.

ఒకే కొండల వరుసలో రెండు కథలున్నాయి. ఒకదానిలో కన్నకొడుకే తండ్రి మాట కోసం తల్లిని చంపాడు. రెండోదానిలో కనని తల్లి ఎవరి పిల్లలనో బండ చాటు నుంచి బయటికి తెచ్చింది. రెండింటిలోనూ మగవాడి కోపం ఉంది, ఆడమనిషి బాధ ఉంది. మాహుర్ కథ ఆ కోపానికి లొంగి, తర్వాత జీవితమంతా పశ్చాత్తాపపడింది. మహరాజ్‌గూడ కథ ఆ కోపాన్ని పక్కకు నెట్టి పిల్లలను తీసుకుని నడిచిపోయింది. నేను రెండు చోట్లా దండం పెడతాను. ఏ కథ మా మనవరాలికి ముందు చెప్పాలి అంటే మాత్రం జంగుబాయిదే చెబుతాను.

ఒక చిక్కు ఉంది. జంగుబాయి గురించి ఈమధ్య వస్తున్న కరపత్రాలు, వీడియోలు చూస్తే ఆమె పార్వతి అవతారమనో, దుర్గ రూపమనో మొదటి వాక్యంలోనే రాసేస్తున్నారు. రాసేవాళ్ళు గౌరవంతోనే రాస్తున్నారు, నాకు సందేహం లేదు. కానీ కథ చదవండి. పార్వతి ఆ కథలో వేరే పాత్ర. ఆమె చేసిన పని వేరు, జంగుబాయి చేసిన పని వేరు. ఇద్దరినీ ఒకటి చేస్తే ముగ్గురు తల్లుల కథ ఇద్దరు తల్లుల కథ అయిపోతుంది. ఇంకొంచెం పోతే ఒక్కరి కథ అవుతుంది. ఆ తర్వాత త్రిశూలం వస్తుంది, సింహం వస్తుంది, సిమెంటు మెట్లు వస్తాయి. గోండులు హిందువులా కాదా అన్న వాదంలోకి నేను పోవడం లేదు. ఆ మాట చెప్పాల్సింది వాళ్ళు. ఎవరి దేవతకైనా ఆమె కథ ఆమెకు ఉండనివ్వాలి అన్నంతవరకే నా పట్టుదల.

గుడి కట్టవద్దని కూడా నేననను. కేస్లాపూర్‌లో మెస్రం వంశంవాళ్ళు ఇంటింటా చందా వేసుకుని, తమ డబ్బుతో నాగోబాకు రాతి ఆలయం కట్టుకుని 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసుకున్నారు. ఎవరి దగ్గరా చేయి చాచలేదు. అది వాళ్ళ నిర్ణయం, వాళ్ళ అందం. జంగుబాయి గుహకు ఏం కావాలో కూడా ఆ ఎనిమిది ఇంటిపేర్లవాళ్ళే కూర్చుని తేల్చాలి. ఏ శాఖ ఇంజనీరు గీసిన నక్షా అయినా ముందు కటోడా చూడాలి. తాగునీరు, మరుగుదొడ్లు, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే చోటు, రాత్రి వైద్యం, ఇవి మాత్రం ఎవరినీ అడగకుండానే ఏర్పాటు చేయవచ్చు. ముందు ఇవి చేసి చూపిస్తే బాగుంటుంది.

గుహ ఉన్న నేల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 1956 దాకా కిన్వట్, రాజురా తాలూకాలు మన ఆదిలాబాద్ జిల్లావే. భాష లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు అవి అటు పోయాయి. రాజురా నుంచి తర్వాత జివతి తాలూకా ఏర్పడింది. జివతికీ కెరమెరికీ మధ్య కొన్ని ఊళ్ళను రెండు రాష్ట్రాలూ మావే అంటున్నాయి. మహరాజ్‌గూడ వాటిలో ఉంది. అక్కడి జనానికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, రెండు భాషల బళ్ళు ఉన్నాయి. రెండు ప్రభుత్వాలున్నా భూమి పట్టాకు మాత్రం ఏళ్ళకేళ్ళు ఎదురుచూపే. మరాఠీకీ తెలుగుకీ మధ్య గీసిన గీత గోండి మాట్లాడేవాడి పెరట్లోంచి పోయింది. గీసినప్పుడు ఆ మూడో భాష ఎవరికీ గుర్తుకు రాలేదు.

పులి సంగతి ఒకటి. మహారాష్ట్రలోని తాడోబా నుంచి, టిప్పేశ్వర్ నుంచి నదులు దాటి పులులు మన అడవుల్లోకి వస్తున్నాయి. జంగుబాయి గుహ దగ్గర పెట్టిన కెమెరాల్లో కూడా పులి కనబడిందని పత్రికల్లో చదివాం. గోండుకు పులి కొత్త కాదు. ఆ తాడోబా అడవికి పేరిచ్చిన దేవుడే పులితో పోరాడి చనిపోయిన గోండు పెద్ద అని అక్కడి కథ. అయితే 2020 నవంబరులో దహెగాం మండలంలో పులి ఒక యువకుణ్ణి చంపింది. ఆ భయం కథ కాదు. 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం జీవో 49 ఇచ్చి, తాడోబాకూ కవ్వాల్‌కూ మధ్య పులుల తోవ కోసం సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. గూడేలు కదిలాయి, బంద్‌లు జరిగాయి. జూలైలో ఆ జీవోను నిలిపి ఉంచారు. పులి బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ 'జల్, జంగల్, జమీన్' అని ప్రాణమిచ్చినవాడి పేరు పెట్టి, ఆయన మనుషులను అడగకుండా ఉత్తర్వు ఇవ్వడం తప్పే.

ఈ కథలను కాపాడింది ఎవరో చెప్పి ముగిస్తాను. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1948లో అచ్చయిన రాజగోండుల పుస్తకం మొదటి భాగం పురాణాలకూ కొలుపులకూ ఇచ్చాడు. భార్య బెట్టీ ఆయనతో పాటే గూడెంలో బతికింది. 1987 జనవరిలో హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలను కూడా తర్వాత తెచ్చి ఆమె పక్కన ఉంచారు. ఇప్పటికీ ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరతారు. సేతు మాధవరావు పగ్డీ ఈ జిల్లాలో అధికారిగా ఉంటూ గోండి నేర్చుకుని గోండుల మీద పుస్తకం రాశారు. నార్నూర్ మండలం గుంజాలలో గోండి సొంత లిపిలో ఉన్న రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఇవాళ జంగుబాయి కథను గోండి భాషలో, గోండి లిపిలో సెల్‌ఫోన్‌లో రాసుకోవచ్చు.

ఇంతమంది రాసుకున్నది మాత్రం ఒక్కరి దగ్గరే. పర్ధాన్ దగ్గర. గోండు ఇంట పెళ్ళి జరిగినా, చావు జరిగినా, వంశదేవత పేర్సపేన్ కొలుపు జరిగినా ఆ ఇంటి పర్ధాన్ వచ్చి కీక్రీ అందుకోవాలి. బదులుగా గింజ, బట్ట, ఒక్కోసారి ఎద్దు అతనికి అందేవి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పుడు సన్నగిల్లింది. పత్తి బేరం నగదులో నడుస్తుంది, పర్ధాన్‌కు వచ్చే నగదు తక్కువ. కొడుకు ఆదిలాబాద్ పోయి కూలీకో ఆటోకో చేరుతాడు. కీక్రీ గోడకు వేలాడుతుంది. డీజే పెట్టెలు జాతరకు వస్తున్నాయి. 2021లో గుస్సాడి నాట్యకారుడు కనకరాజుకు పద్మశ్రీ వచ్చినప్పుడు జిల్లా అంతా పండుగ చేసుకుంది, చేసుకోవాల్సిందే. ఆట కంటికి కనబడుతుంది కనుక దిల్లీ దాకా పోయింది. రాత్రంతా కూర్చుని వింటే తప్ప చెవికెక్కని పాటకు దిల్లీ దూరం. దాన్ని ఇక్కడే, మనమే వినాలి.

అందుకని స్మారక సమితికి నాదొక మనవి. సార్ పేర ఏటా మీరు చేసే ఖర్చులో శాలువాలూ, ఫ్లెక్సీలూ, నాలాంటి వక్తల కారు కిరాయీ తీసేయండి. వచ్చే పుష్యంలో ఈ వేదిక మీదికి ఒక పర్ధాన్ పెద్దను పిలవండి. అతనికి తగిన దానం ముందే ఇచ్చి, కీక్రీ మీద జంగుబాయి కథ మొదటి నుంచి చివరి దాకా పాడించండి. గోండి తెలిసిన మన బడి పిల్లల్లో ఇద్దరిని పక్కన కూర్చోబెట్టి తెలుగులో చెప్పించండి. రికార్డు చేసి ఒక ప్రతి ఆ ఎనిమిది ఇంటిపేర్ల పెద్దలకు, ఒక ప్రతి ఇచ్చోడ బడికి ఇవ్వండి. వినడానికి నేను ముందు వరసలో కూర్చుంటాను, మీరూ రండి.